ట్రమడాల్ విరమణ లక్షణాలు

ట్రమడాల్ అనే నొప్పి మందును కొన్ని వారాలో నెలలో వాడినవారు ఉన్నట్టుండి మానేసినా, డోసు బాగా తగ్గించినా ఒంట్లో తలెత్తే మార్పులను విరమణ లక్షణాలంటారు. ఆసుపత్రి వాడుకలో విత్‌డ్రాయల్ అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. డాక్టరు చెప్పిన లెక్క తప్పకుండా వేసుకున్నవారికీ ఇవి రావచ్చు. మందుకు శరీరం అలవాటుపడటం వేరు, వ్యసనం వేరు. ఈ తేడా తెలియక ఎందరో తమ బాధను ఇంట్లో చెప్పుకోలేకపోతారు.

నేపథ్యం

ట్రమడాల్‌ను జర్మనీకి చెందిన గ్రూనెంథాల్ సంస్థ తయారుచేసింది. తయారైన సంవత్సరం 1962 అని ఎక్కువ రచనలు చెబుతాయి. 1977లో అది పశ్చిమ జర్మనీ మార్కెట్లోకి, 1995లో అమెరికాకు వచ్చింది. మార్ఫిన్ కంటే బలహీనమైనది కాబట్టి అలవాటు కాదన్న నమ్మకం చాలాకాలం నిలిచింది. తర్వాతి అనుభవం ఆ నమ్మకాన్ని సమర్థించలేదు. అమెరికా 2014లో దీన్ని నియంత్రిత మందుల జాబితాలో చేర్చింది. భారత ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది.

అనుభూతుల తీరు

ఆవలింతలు, ముక్కు కారడం, కళ్ల నీళ్లు, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం మార్ఫిన్, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ మందులన్నిటికీ ఉమ్మడి విరమణ లక్షణాలు. రోగిని ఎక్కువగా భయపెట్టేవి మాత్రం పేరు పెట్టి చెప్పలేని అనుభూతులు. అర్ధరాత్రి చలేస్తోందని దుప్పటి కప్పుకుంటారు, రెండు నిమిషాల్లో ఉక్కపోసి తన్నేస్తారు. ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, చర్మం ఈకలు పీకిన కోడి తోలులా కనిపిస్తుంది. పిక్కల లోపల ఏదో లాగుతున్నట్టు ఉంటుంది. కాళ్లు కదిపితే తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలవుతుంది.

మందును ఒక్కసారిగా మానడాన్ని ఇంగ్లీషులో కోల్డ్ టర్కీ అనడానికి ఈ కోడి తోలు పోలికే కారణమని ఒక కథ ప్రచారంలో ఉంది. అయితే మందులతో సంబంధం లేకుండా, ఉన్నపళంగా అన్న అర్థంలో ఆ మాట 1910 నాటికే అచ్చులో కనిపిస్తుంది. కాబట్టి చర్మం పోలిక తర్వాత అతికించినదే కావచ్చు.

ట్రమడాల్‌కు ప్రత్యేకమైన లక్షణాలు కూడా ఉన్నాయి. 2003లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో ఎనిమిది విరమణ కేసుల్లో దాదాపు ఒకటి అసాధారణ తరహాకు చెందింది. చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కడం, సూదులు గుచ్చినట్టు ఉండటం, తీవ్రమైన భయం, అయోమయం, లేనివి కనిపించడం వీటిలో ఉన్నాయి. ఇది నివేదికల రూపంలో అందిన కేసుల లెక్క. మందు వాడేవారందరికీ ఇదే నిష్పత్తి వర్తిస్తుందని చెప్పలేం.

కారణం

మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కేంద్రం నార్‌అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. ఓపియాయిడ్ మందులు దాన్ని అణచి ఉంచుతాయి, మెదడు ఆ అణచివేతకు సర్దుకుంటుంది. మందు ఆగితే ఆ కేంద్రం ఒక్కసారిగా విజృంభిస్తుంది. గగుర్పాటు, చెమట, దడ, కనుపాపలు పెద్దవవడం చాలావరకు దాని ఫలితమే. ట్రమడాల్ ఓపియాయిడ్‌గా పనిచేయడంతో పాటు సెరటోనిన్, నార్‌అడ్రినలిన్‌లను నరకణాలు తిరిగి పీల్చుకోకుండా అడ్డుకుంటుంది. అసాధారణ లక్షణాలకు మూలం ఈ రెండో గుణమేనన్న వివరణ ఇంకా పూర్తిగా రుజువు కాలేదు గానీ, ఉన్నవాటిలో అదే నమ్మదగ్గది. డిప్రెషన్ మందులు ఒక్కసారిగా ఆపినవారిలోనూ ఇలాంటి తిమ్మిర్లు కనిపించడం దానికి బలం.

కాలక్రమం

సాధారణంగా చివరి డోసు తర్వాత ఒక రోజులోపు మొదలై, రెండు మూడు రోజులకు తీవ్రమై, వారం పది రోజుల్లో సద్దుమణుగుతాయి. నెమ్మదిగా విడుదలయ్యే ఎస్‌ఆర్ మాత్రలు వాడినవారిలో కాస్త ఆలస్యంగా మొదలుకావచ్చు. నిద్రలేమి, నీరసం కొందరిలో వారాల తరబడి ఉంటాయి.

ఉపశమనం

మేలైన మార్గం క్రమంగా తగ్గించడం. ఏడాదికి మించి ఓపియాయిడ్లు వాడినవారికి నెలకు 10 శాతం, లేదా అంతకంటే నెమ్మదిగా తగ్గిస్తే తట్టుకోగలరని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2022 మార్గదర్శకాలు చెబుతాయి. ఎస్‌ఆర్ మాత్రను నలపకూడదు, పొడి చేయకూడదు. అలా చేస్తే మందంతా ఒకేసారి ఒంట్లోకి విడుదలవుతుంది. తగ్గించే లెక్కను డాక్టరే వేయాలి.

క్లోనిడిన్ అనే మందు విరమణ బాధను తగ్గిస్తుందని 1978లో వెల్లడైంది. అది పైన చెప్పిన మెదడు కేంద్రాన్ని శాంతపరుస్తుంది. రక్తపోటు కూడా పడిపోతుంది గనుక సొంతంగా వాడకూడదు. అవసరాన్ని బట్టి బ్యూప్రెనార్ఫిన్ అనే మందు కూడా ఇస్తారు.

కాళ్లు లాగుతున్నప్పుడు లేచి నడవడం, పిక్కలు సాగదీయడం, గోరువెచ్చని నీళ్లలో పాదాలు పెట్టుకోవడం చాలామందికి హాయినిస్తాయి. నిద్ర కోసం మగత తెచ్చే పాతకాలపు అలర్జీ మాత్రలు వేసుకుంటే కాళ్ల బాధ పెరగవచ్చు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్‌తోనూ ఆ ఇబ్బంది ఉంది. విరేచనాలకు ఓఆర్‌ఎస్, ఉప్పు వేసిన గంజి, పల్చటి మజ్జిగ మంచివి. విరేచనాలు ఆపే లోపెరమైడ్‌ను మోతాదు మించి మింగితే గుండె లయ తప్పుతుంది. కాళ్ల బాధకు మెగ్నీషియం మాత్రలు పనిచేస్తాయనడానికి ఆధారాలు బలహీనం.

ఏ అనుభూతి ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపు ఉందో ఒక పుస్తకంలో రాసుకోవడం మేలు. రాత్రి భయపెట్టిన తిమ్మిరి నిన్న ఇరవై నిమిషాల్లో పోయిందని తన చేతిరాతలోనే కనిపిస్తే ధైర్యం వస్తుంది. తగ్గించే వేగం మార్చాలో వద్దో తేల్చుకోవడానికి డాక్టరుకూ అది పనికొస్తుంది.

ప్రమాద సూచనలు

మూర్ఛ, లేనివి కనిపించడం, ఆగని వాంతులు, చనిపోవాలన్న ఆలోచన ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డిప్రెషన్ మందులతో కలిపి ట్రమడాల్ వాడేవారిలో జ్వరం, కండరాల బిగుతు, అయోమయం కలిసి వస్తే అది విరమణ కాకపోవచ్చు, సెరటోనిన్ అతిగా పెరగడం కావచ్చు. గర్భిణులు ఒక్కసారిగా మానకూడదు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం కొన్నాళ్లు మానినవారు మళ్లీ పాత డోసే వేసుకోవడం. శరీరం ఆ మోతాదును తట్టుకునే శక్తిని అప్పటికే కోల్పోయి ఉంటుంది, ఊపిరి ఆగిపోవచ్చు.

భారతదేశంలో 14446 నంబరులో మత్తు విముక్తికి, 14416 టెలీ మానస్‌లో మానసిక ఆందోళనకు ఉచితంగా సలహా దొరుకుతుంది. ఫోన్ చేసేవారు తాము వ్యసనపరులమని ఒప్పుకోవాల్సిన పనేమీ లేదు. ఏ మందు, ఎన్నాళ్లు వాడారో, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో చెబితే చాలు.