పై ఖర్చులకు హద్దు ఎంత?

మన పెద్దవాళ్ల సామెత ఒకటి ఉంది: పావలా కోడికి ముప్పావలా మసాలా. పావలా అంటే రూపాయిలో నాలుగో వంతు. ముప్పావలా అంటే మూడు పావలాలు. అసలు వస్తువు ధర కన్నా దాని మీద పెట్టే ఖర్చు ఎక్కువైతే ఈ మాట అంటారు. అమెరికాలో ప్రభుత్వం యూనివర్సిటీలకు ఇచ్చే పరిశోధన డబ్బు గురించి 70 ఏళ్లకు పైగా ఇలాంటి వాదనే నడుస్తోంది. ఏది కోడి, ఏది మసాలా అన్నది అంత సులువుగా తేలలేదు.

ముందు లెక్క చూద్దాం. ఒక ప్రొఫెసర్‌కు గ్రాంట్ వచ్చింది అనుకోండి. విద్యార్థి జీతం, రసాయనాలు, ప్రయాణాలు ప్రత్యక్ష ఖర్చులు. ఇవి ఏ ప్రాజెక్టు కోసమో స్పష్టంగా చెప్పవచ్చు. కానీ ల్యాబ్ ఉన్న భవనం, కరెంటు, లైబ్రరీ, లెక్కలు రాసే ఆఫీసు అందరికీ ఉమ్మడి. వీటిని పరోక్ష ఖర్చులు అంటారు. ఇంగ్లీషులో ఓవర్‌హెడ్ అనే మాటకు మన ఇళ్లలో వాడే "పై ఖర్చులు" బాగా సరిపోతుంది.

ఇక్కడ చాలామంది ఒకచోట పొరబడతారు. రేటు 60 శాతం అంటే ప్రతి 100 డాలర్లలో 60 యూనివర్సిటీ తీసుకుంటుందని కాదు. 100 డాలర్ల ప్రత్యక్ష ఖర్చుకు ప్రభుత్వం ఇంకో 60 కలిపి 160 ఇస్తుంది. అంటే మొత్తంలో పై ఖర్చుల వాటా 37.5 శాతం. పెద్ద యంత్రాల లాంటి కొన్ని ఖర్చుల మీద ఈ రేటు వేయరు కాబట్టి నిజమైన వాటా ఇంకా తగ్గుతుంది.

ఈ పద్ధతి రెండో ప్రపంచ యుద్ధంలో మొదలైంది. వానెవర్ బుష్ నడిపిన ప్రభుత్వ సంస్థ యుద్ధ పరిశోధనను యూనివర్సిటీలకు అప్పగించింది. వాళ్లకు లాభం రాకూడదు, నష్టమూ రాకూడదు అన్నది అప్పటి సూత్రం. అందుకే పై ఖర్చులు కూడా చెల్లించారు. యుద్ధం తర్వాత నౌకాదళం 1947లో ఇలాంటి ఖర్చులను లెక్కకట్టే నియమాలు రాసింది.

వైద్య పరిశోధనకు డబ్బు ఇచ్చేవాళ్లు మాత్రం వేరుగా ఆలోచించారు. వాళ్ల దృష్టిలో గ్రాంట్ అంటే సాయం, కొనుగోలు కాదు. కాబట్టి 1950ల మొదట్లో పై ఖర్చులకు 8 శాతమే ఇచ్చారు. తర్వాత అది 15 అయింది. 1958లో కాంగ్రెస్ ఆ 15 శాతాన్నే చట్టంలో హద్దుగా పెట్టింది. 1963లో 20కి పెంచింది. మిగతా ఖర్చు యూనివర్సిటీలు తమ జేబులోంచి పెట్టుకున్నాయి. గ్రాంట్లు ఎక్కువయ్యేకొద్దీ ఆ భారమూ పెరిగింది. చివరికి 1966లో ఆ హద్దు తీసేశారు. అప్పటినుంచి ఒక్కో యూనివర్సిటీ తన లెక్కలు చూపించి ప్రభుత్వంతో బేరమాడి రేటు తెచ్చుకుంటోంది.

బేరం ఉన్నచోట అనుమానం కూడా ఉంటుంది. 1991లో స్టాన్‌ఫర్డ్ పేరు వార్తలకెక్కింది. అక్కడ రేటు 74 శాతం. ప్రభుత్వానికి పంపిన పై ఖర్చుల లెక్కల్లో ఒక విహార నౌక తరుగుదల, అధ్యక్షుడి ఇంట్లో పూలు, పరుపు దుప్పట్లు కనిపించాయి. కాంగ్రెస్ సభ్యుడు జాన్ డింగెల్ విచారణ జరిపారు. రేటును 55.5 శాతానికి తగ్గించారు. అధ్యక్షుడు డొనాల్డ్ కెనెడీ పదవి వదులుకుంటానని ప్రకటించారు. 1994లో స్టాన్‌ఫర్డ్ 12 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. మోసం జరిగిందని మాత్రం తేలలేదు.

ఈ గొడవ తర్వాత వచ్చిన హద్దు ఇప్పటికీ ఉంది. పై ఖర్చుల రేటులో ఆఫీసు పనుల వాటా, లెక్కలోకి వచ్చే ప్రత్యక్ష ఖర్చుల్లో 26 శాతం దాటకూడదు. భవనాల వాటాకు అలాంటి హద్దు పెట్టలేదు. నియమాలకు తగినట్టు పని చేయాలంటే ఆఫీసులో ఎక్కువమంది కావాలి. కానీ ఆ ఖర్చుకే హద్దు ఉంది. అందుకే నియమాలు పెరిగిన ప్రతిసారీ యూనివర్సిటీలు ఈ మాట గుర్తు చేస్తాయి.

2017లో ట్రంప్ ప్రభుత్వం వైద్య పరిశోధన గ్రాంట్లకు 10 శాతం హద్దు ప్రతిపాదించింది. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. పైగా ఈ పద్ధతిని మార్చకూడదని బడ్జెట్ చట్టంలోనే రాసింది. 2025 ఫిబ్రవరి 7న జాతీయ ఆరోగ్య సంస్థలు (ఎన్‌ఐహెచ్) అందరికీ ఒకే రేటు, 15 శాతం అని ప్రకటించాయి. పాత గ్రాంట్లకు కూడా అదే రేటు అన్నాయి. 22 రాష్ట్రాలు కోర్టుకు వెళ్లాయి. బోస్టన్‌లోని ఫెడరల్ కోర్టు ముందు తాత్కాలికంగా, ఏప్రిల్‌లో శాశ్వతంగా ఆ ఆదేశాన్ని ఆపింది. కాంగ్రెస్ రాసిన ఆ మాటలు కోర్టు తీర్పుకు ఒక ముఖ్య ఆధారం అయ్యాయి.

ఇది మనకు దూరపు విషయం కాదు. తెలుగు ఇళ్లనుంచి వచ్చి అమెరికాలో పీహెచ్‌డీ చేసేవాళ్లు చాలామంది గ్రాంట్ డబ్బుతోనే చదువుకుంటారు. వాళ్ల జీతం ప్రత్యక్ష ఖర్చు. కానీ వాళ్లు పనిచేసే గది, రాత్రంతా నడిచే ఫ్రీజర్ పై ఖర్చుల్లోకి వస్తాయి. గది లేకపోతే జీతం ఉన్నా పని జరగదు.

హద్దు పూర్తిగా వద్దు అంటే 1991 గుర్తు చేసుకోవాలి. అందరికీ ఒకే చిన్న హద్దు చాలు అంటే 1966కు ముందు రోజులు గుర్తు చేసుకోవాలి. నౌక నిజంగానే మసాలా. కానీ కరెంటు మసాలా కాదు, పొయ్యి కింద మంట. అది లేకుండా కోడి ఉడకదు.

ఈసారి మాటలు:
ప్రత్యక్షం – నేరుగా కనిపించేది.
పరోక్షం – నేరుగా కనిపించనిది.
తరుగుదల – వాడేకొద్దీ వస్తువు విలువ తగ్గడం.
రాజీ – ఇద్దరూ కొంత తగ్గి గొడవ ముగించడం.