తొట్టిలోని కొలను

ముంగిట ఒక తొట్టి నుంచి, నీరు నింపి, ఒక కలువదుంప నాటి, నాలుగు చేపలను విడిచినచో అది కొలను అగునా? మొదటి వారము అగునట్లే కనిపించును. రెండవ వారమున నీరు పచ్చబడును. మూడవ వారమున చేపలు పైకి వచ్చి, నోళ్లు తెరచి, గాలికై తంటాలు పడును. కొన్ని యేండ్ల క్రిందట మా వసారాలో నేను పెట్టిన తొట్టి చరిత్ర ఇంతే. ఆ నీరంతయు పారబోసి, తొట్టిని తళతళలాడునట్లు తోమి, కుళాయినీరు పట్టి, మరల చేపలను తెచ్చి వదలితిని. అవి తెల్లవారుసరికే చచ్చినవి. ఇంత చిన్న పాత్రలో ఇంత చిక్కేమి అని పుస్తకములు తిరగవేయగా, ఈ ప్రశ్న నాకంటె ముందు చాలమందిని వేధించినదని తెలిసినది. వారి కథయే ఈ ప్రసంగము.

కథ చీనాలో ఆరంభమగును. అక్కడ బూడిదవన్నె చేపలలో అప్పుడప్పుడు ఎఱ్ఱనివి పుట్టుచుండెడివి. అట్టివానిని చంపక పుణ్యార్థము చెరువులలో విడిచిపెట్టుట బౌద్ధుల ఆచారము. 12వ శతాబ్దిలో సుంగ్ వంశపు చక్రవర్తి గావోజుంగ్ సింహాసనము వదలుకొనిన పిదప హాంగ్‌జౌలోని తన భవనమున ఈ చేపలను కొలనులో పెంచెను. అప్పటికి అది రాజుల వేడుక. మింగ్ వంశపు కాలమున, 16వ శతాబ్దిలో, చేప కొలను విడిచి మట్టితొట్టిలోనికి, పింగాణీ తొట్టిలోనికి వచ్చినది. దానితో పట్టణములోని సామాన్య గృహస్థుని ముంగిలికిని వచ్చినది. 1596లో జాంగ్ చియాన్‌దె అను యువకుడు ఈ ఎఱ్ఱచేపల పెంపకమును గూర్చి ఒక గ్రంథమే వ్రాసెను.

తొట్టి వలన చేప రూపమే మారినదనుట అతిశయోక్తి కాదు. కొలనులో వింత తోకతో పుట్టిన చేప చురుకుగా ఈదలేదు. మేతకు వెనుకబడి నశించును. తొట్టిలో దానికి పోటీ లేదు, పెంచువాని కన్ను దానిపైననే యుండును. తొట్టిలోని చేపను పైనుండియే చూడవలెను గదా! అందుచేత పైనుండి చూచువారికి సొంపైన జంటతోకలు, ఉబ్బుకన్నులు, వీపున రెక్క లేని రూపములు ఏరి పెంచబడినవి.

ఆ చీనా పెంపకందార్ల అలవాటు ఒకటి నన్ను మిక్కిలి ఆకర్షించినది. క్రొత్త తొట్టిలో నీరు పోయుటకు ముందు దాని లోపలి గోడలకు పచ్చి చేమదుంప రుద్దెడివారట. అట్లు చేసినచో పాచి త్వరగా పట్టి నీటికి జీవము వచ్చునని వారి నమ్మకము. నేను పాచిని తోమి పారవేసితిని. వారు పాచిని పిలిచి కూర్చుండబెట్టిరి!

ఈ వేడుక ఐరోపాకును ప్రాకినది. 1747లో లండనులో హొరేస్ వాల్‌పోల్ గారి ముద్దుపిల్లి చేపలకై వంగి పింగాణీ తొట్టిలో పడి మునిగిపోగా, కవి థామస్ గ్రే దానిపై ఒక గీతము వ్రాసెను. పిల్లికి దక్కిన కీర్తి చేపలకు దక్కలేదు.

నీటికి జీవము ఎట్లు వచ్చునో శాస్త్రము చెప్పుటకు మరి నూరేండ్లు పట్టినది. మొక్క చెడిన గాలిని బాగుచేయునని 1771లో ప్రీస్ట్లీ కనుగొనెను. ఆ పని వెలుతురులోనే జరుగునని 1779లో ఇంగెన్‌హౌస్ చూపెను. ఈ రెంటిని పాత్రలో పెట్టి చూచినవాడు రాబర్ట్ వారింగ్టన్. లండనులో ఔషధములు చేయు సంఘమునకు రసాయనజ్ఞుడు. ఆయన 12 గాలన్లు, అనగా సుమారు 54 లీటర్లు పట్టు గాజుపాత్రలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను పెట్టెను. కొంతకాలము బాగుగనే సాగినది. పిదప ముదురాకులు క్రుళ్లి నీరు చెడసాగెను. అప్పుడాయన కొన్ని నీటినత్తలను వదలెను. నత్తలు క్రుళ్లిన ఆకును తినెను, నత్తల గ్రుడ్లను చేపలు తినెను, నీరు తేటబడెను. 1850లో ఆయన ఈ సంగతిని రసాయన సంఘపు పత్రికలో ప్రకటించెను.

అయినను లెక్కలో ఒకటి తప్పినది. చేప విసర్జించు అమ్మోనియా చేపకే విషము. దానిని విరిచినదెవరు? ఆ జవాబు కొంత ఆయన కుమారునికే దొరకుట చరిత్రలోని చమత్కారము. అతని పేరును రాబర్ట్ వారింగ్టనే. రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనశాలలో పనిచేయుచు, అమ్మోనియాను సూక్ష్మజీవులు రెండు అంచెలలో మార్చునని, మొదట నైట్రైట్‌గా, పిదప నైట్రేట్‌గా మార్చునని అతడు చూపెను. కాని అతడు పరిశోధించినది పొలములోని మట్టిని గూర్చి, తండ్రిగారి గాజుపాత్రను గూర్చి కాదు. ఆ జీవులను వేరుచేసి చూపిన కీర్తి 1890లో రష్యను శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీకి దక్కినది.

ఆ సూక్ష్మజీవులు నివసించునది పాచిలో, ఇసుకలో, తొట్టి గోడలపైన. అనగా నేను తోమి పారవేసినది వానినే. మిగిలినవానిని కుళాయినీటిలోని క్లోరిన్ చంపియుండును. క్రొత్త తొట్టి కుదుటబడుటకు నెలనాళ్లు పట్టును. అందాక చేపలను తేరాదు, తెచ్చినను ఒకటి రెండింటికి మించరాదు. నోరు వెడల్పైన తొట్టి మేలు. ప్రాణవాయువు మొక్కలనుండి వచ్చుదానికంటె పైనీటినుండి దిగునది నమ్మదగినది. రాత్రివేళ మొక్కలును ప్రాణవాయువును పీల్చుకొనును గదా. కలువకు రోజున అయిదారు గంటల యెండ, ఎరువు కలుపని బంకమన్ను చాలును. ఇగిరిన నీటికి బదులు పోయునది ఒక దినము నిలువయుంచిన నీరై యుండవలెను.

చేపలు లేని తొట్టి మాత్రము కూడదు. ఇందుకు కారణము మన ఊరిదే. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తము త్రాగిన దోమ కడుపుగోడలో ఆ రోగక్రిమిని కనుగొనెను. నాటినుండి నిలువనీరు కేవలము వేడుక వస్తువు కాదు. డెంగీని వ్యాపింపజేయు దోమ తేటనీటి తొట్లనే కోరును; వేసవిలో దాని గ్రుడ్డు దోమ యగుటకు వారము పదిదినములు చాలును. నాలుగు చేపలున్నచో పిల్లపురుగులు మిగులవు. దోమల నిర్మూలనకై 1928లో గాంబూసియా చేపను మన దేశమునకు తెచ్చిరి; అది చెరువులలో మన చిన్నచేపలకు, కప్పపిల్లలకు శత్రువైనది. కావున తొట్టిచేప ఏదైనను దానిని కాలువలో వదలుట తగదు.

మా వసారాలో ఇప్పుడు మరల తొట్టి యున్నది. దానిని తోముట మానితిమి. నత్తలను నేను తేలేదు. కలువ ఆకుల నంటి అవియే వచ్చినవి.