సాంచాలు తీసేసిన గాలాలో బీరువాలు: ఏవి కొనాలి, ఎలా బిగించాలి

పద్మనగర్, కామత్‌ఘర్ వైపు మన ఇళ్లలో చాలావాటికి కింద గాలా, పైన కాపురం. సాంచాలు నడిచిన రోజుల్లో కింది గదిలో మనిషి నిలబడటానికే చోటు ఉండేది కాదు. సాంచాలను కిలోల లెక్కన తుక్కుకు అమ్ముకున్న ఇళ్లలో ఇప్పుడు అదే గది షట్టరు వేసిన సామాను గది అయింది. స్కూటరు, సైకిలు, పిల్లల పాత పుస్తకాలు, పెళ్లిళ్లకు తీసే పెద్ద గిన్నెలు, ఊరి నుంచి వచ్చిన బియ్యం, తాతల నాటి సందూకు అన్నీ అక్కడికే చేరతాయి. పెద్ద నగరాల్లో బంగళాల వాళ్లు గ్యారేజీ అంటారే, మనకు ఈ గాలాయే ఆ గ్యారేజీ.

ఈ గదికి ఎలాంటి బీరువా కొనాలని సంఘం కార్యాలయానికి వచ్చేవారు తరచుగా అడుగుతున్నారు. దుకాణంలో రంగు, తాళం, ధర చూపిస్తారు. మేము చెప్పే వరుస వేరు. ముందు నీళ్ల సంగతి చూసుకోవాలి, తరువాత కాగితాల సంగతి, బీరువా ఆ తరువాత.

నీటి గీత

2005 జూలై 26న ముంబైలోని శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానకే మన భివండీలో కామ్‌వారి నది పొంగి లోతట్టు పేటలు మునిగాయి. 2021 జూలైలోనూ వీధుల్లోకి, దుకాణాల్లోకి నీళ్లు వచ్చాయి. అయితే అన్ని పేటలకూ ఒకే ఎత్తున రాలేదు. ఒక గల్లీలో మోకాలి దాకా వస్తే పక్క గల్లీలో గడప కూడా తడవలేదు. కాబట్టి ఎవరి గీత వారే తెలుసుకోవాలి. గోడ మీద పాత మరక ఉంటే చూడండి. లేకపోతే అప్పుడు ఇంట్లో ఉన్న పెద్దవాళ్లను, ఎదురింటి వాళ్లను అడగండి. తెలిసిన అతి పెద్ద నీటి ఎత్తు దగ్గర సుద్దతో గీత గీసి, దాని మీద ఇంకో అర అడుగు కలపండి. బీరువా అడుగు అర ఆ ఎత్తుకు పైన ఉండాలి.

గీత అడుగు, అడుగున్నర లోపల ఉంటే ఇనుప యాంగిల్‌తో స్టాండు చేయించి దాని మీద బీరువా పెట్టవచ్చు. ఫ్యాబ్రికేషన్ చేసేవాళ్లకు మన ఊళ్లో కొదవ లేదు. నాలుగు మూలలా ఇటుకలు పెట్టి నిలబెట్టే అలవాటు మాత్రం మానాలి. నీళ్లలో ఇటుక కదిలితే బీరువా ముందుకు పడుతుంది. గీత మూడడుగులు దాటిన ఇళ్లలో స్టాండు కట్టినా లాభం లేదు. అక్కడ కింద తడిసినా ఫరవాలేని సామాను, అంటే ఇనుము, స్టీలు, ప్లాస్టిక్ మాత్రమే ఉంచి మిగిలినది పైకి చేర్చాలి.

కొత్తగా స్టాండు మీద నిలబెట్టేవారు పైకప్పు ఎత్తు కూడా కొలుచుకోవాలి. దుకాణాల్లో ఎక్కువగా దొరికే రెండు తలుపుల బీరువా 78 అంగుళాల ఎత్తు, 36 వెడల్పు, 19 లోతు. పడుకోబెట్టి తెచ్చి లోపల నిలబెట్టేటప్పుడు మూల 80 అంగుళాల పైకి లేస్తుంది. షట్టరు వెడల్పు, మెట్ల మలుపు కూడా టేపుతో చూసుకున్నాకే బయానా ఇవ్వండి.

సందూకులోని కాగితాలు

మేము ఎక్కువగా బాధపడేది దీని గురించే. గాలా మూలన ఉన్న సందూకులో గిన్నెల అడుగున గుడ్డ సంచిలో చుట్టి పెట్టిన కాగితాలు చాలా ఇళ్లలో ఉన్నాయి. మహారాష్ట్రలో పద్మశాలీలు ఎస్‌.బి.సి., అంటే విశేష మాగాస్ ప్రవర్గ్‌లో ఉన్నారు. ఆ కుల ధ్రువపత్రం రావాలన్నా, ఆ తరువాత జాత్ పడతాళణి సమితి ముందు అది నిలవాలన్నా, కుటుంబం 1967 అక్టోబరు 13కు ముందు నుంచే ఈ రాష్ట్రంలో ఉన్నట్టు రుజువు కావాలి. డొమిసైల్‌కు పదిహేనేళ్ల నివాసం చాలు గదా అని కొందరు నిశ్చింతగా ఉంటారు. అది వేరు, ఇది వేరు. మనవరాలికి ఇంజనీరింగు, మెడికల్ సీటు వచ్చే వేళకు తాతగారి కాగితం కోసం వెతుకులాట మొదలవుతుంది. అప్పటికి దానిలో సగం చెదలు తిని ఉంటాయి.

దాచవలసినవి ఏవి? తాత లేక ముత్తాత బడి విడిచిన దాఖలా, జనన మరణ నమోదు నకలు, మునిసిపాలిటీ ఇంకా నగరపాలిక కాని రోజుల ఇంటిపన్ను రశీదులు, గాలా అద్దె రశీదులు, పాత రేషన్ కార్డు, సాంచాల పర్మిట్. కులం పేరు, తేదీ, ఊరు మూడూ ఉన్న కాగితానికి విలువ ఎక్కువ. 1967 తరువాత వచ్చిన కుటుంబాలకు సొంత జిల్లా కాగితాలే ఆధారం. తెలంగాణలో మనవాళ్లు బి.సి.-బిలో ఉన్నారు. కరీంనగర్, నల్గొండ, వరంగల్ కాగితాలను చిల్లర కాగితాలని పారేయవద్దు.

ఇవి కింది గదిలో ఉండకూడదు. గాలాకు ఎంత మంచి బీరువా కొన్నా సరే. పై అంతస్తులో, బయటి గోడకు ఆనని చోట, ఛాతీ ఎత్తున ఉన్న అరలో పెట్టండి. సజ్జ మీద కూడా వద్దు. స్లాబు కారితే మొదట తడిసేది అదే. ఒక్కొక్క కాగితాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో వేసి, కవర్లన్నిటినీ మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచండి. లామినేషన్ చేయించవద్దు. వేడికి అంటుకున్న ప్లాస్టిక్‌ను మళ్లీ విడదీయలేము, పాత కాగితం అందులోనే పాడవుతుంది. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తీసేయండి. మన గాలిలో అవి రెండు వానాకాలాలకే తుప్పు పట్టి కాగితాన్ని కొరుకుతాయి. ఫొటో తీసి ఇద్దరు పిల్లల ఫోన్లలో ఉంచితే మంచిదే. కాని సమితి ముందు అసలు కాగితాన్నే అడుగుతారు.

ఇనుమా, చెక్కా

గాలాకు ఇనుమే మేలని మా అభిప్రాయం. గాలా నేలకు తేమ ఎక్కువ, చెదలకు దారి ఎక్కువ. ఇనుప బీరువా కొనేటప్పుడు గేజ్ అడగండి. గేజ్ అంకె పెరిగిన కొద్దీ రేకు పలచన అవుతుంది. ఇరవై గేజ్ అంటే దాదాపు 0.9 మిల్లీమీటరు, ఇరవై రెండు అంటే ముప్పావు మిల్లీమీటరు లోపే. తలుపు తెరిచి దాని మధ్యలో వేలితో నొక్కితే డబ్బాలా లోపలికి పోకూడదు. అరలు కదిలించి చూడండి. మూడడుగుల అర నిండా పుస్తకాలు పెడితే ముప్పై కిలోలు సులభంగా దాటుతుంది. పలచటి అర కొన్నాళ్లకే కిందికి వంగుతుంది. పౌడర్ కోటింగు లోపలి మూలలకు, అరల అడుగుకు కూడా పట్టిందో లేదో టార్చి వేసి చూడాలి. బయట మెరిసి లోపల పచ్చి రేకు ఉన్న బీరువాలను మేము చూశాము.

గిన్నెలు, పనిముట్లు, పాత మోటారు వంటి బరువులకు బీరువా దండగ. రంధ్రాల యాంగిల్‌తో కట్టిన ర్యాకు చాలు. దుమ్ము ఆపడానికి ముందు ఒక పరదా వేసుకోండి.

చెక్కతోనే చేయించాలనుకునేవారు ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 710 గుర్తు చూడండి. అది నీటిని తట్టుకునే మెరైన్ రకం. పార్టికల్ బోర్డు, ఎమ్.డి.ఎఫ్. ఒకసారి అడుగు తడిస్తే బిస్కట్టులా ఉబ్బుతాయి. ఆన్‌లైన్‌లో చవకగా వచ్చే విడి భాగాల బీరువాలు ఎక్కువగా వాటితోనే చేస్తారు. బొమ్మలో బాగుంటాయి. కొందరు వడ్రంగులు కొలత తప్ప మరేదీ చెప్పరు కాబట్టి షీటు కోయకముందే గుర్తు చూసుకోవాలి.

బిగించే పని

మొదట గది శుభ్రం. సాంచాల గదిలో దూలాల మీద, గోడ పగుళ్లలో ఏళ్ల నాటి నూలు దుమ్ము ఉంటుంది. అది నిప్పు త్వరగా అంటుకునే సరుకు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, తడి గుడ్డతో తుడిపించండి. చీపురుతో దులిపితే మళ్లీ అక్కడే కూర్చుంటుంది. సాంచాలను నేలకు పట్టి ఉంచిన బోల్టుల మొలకలు ఉంటే గ్రైండరుతో నేల మట్టానికి కోయించండి. పైకప్పు పాత సిమెంటు రేకులైతే వాటికి రంధ్రాలు వేయవద్దు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ పొడి ఊపిరితిత్తులకు చేసే చెడ్డ ఏళ్ల తరువాత బయటపడుతుంది.

ఎత్తైన బీరువాను పైభాగాన గోడకు పట్టించడం తప్పనిసరి. పిల్లలు అరలను మెట్లుగా వాడుకుంటారు. వరద నీళ్లు కూడా ఖాళీ బీరువాను తేల్చి పడేస్తాయి. రంధ్రం ఇటుక మధ్యలో పడాలి, ఇటుకల సందులోని సిమెంటులో కాదు. పూత రాలే గోడలో చిన్న మర పట్టదు. ఫాస్ట్‌నర్ పొడవు పూత మందాన్ని దాటి ఇటుకలోకి పోవాలి. పక్కింటివారితో కలిసిన నాలుగంగుళాల గోడ అయితే ముందు వారికి చెప్పి, బిట్ మీద టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుని కొట్టండి. అవతలి వారి దేవుడి పటం వెనుక నుంచి బిట్ బయటికి వస్తే వచ్చే పంచాయితీ మనకెందుకు?

మన ఊరికే ప్రత్యేకమైన సంగతి ఇంకొకటి ఉంది. పక్క గాలాలో సాంచాలు ఇంకా నడుస్తుంటే గోడ రాత్రింబవళ్లు అదురుతూనే ఉంటుంది. ఆ అదురుకు మామూలు నట్టు నెమ్మదిగా వదులవుతుంది. స్ప్రింగ్ వాషర్ వేయించి, మొదటి నెలలో ఒకసారి, తరువాత ప్రతి వానాకాలం ముందు పానాతో బిగించి చూడాలి. బీరువా వెనుక రెండంగుళాల ఖాళీ ఉంచి, మధ్యలో చెక్క ముక్క పెట్టి పట్టించండి. గాలి ఆడితే తుప్పు తగ్గుతుంది.

పాత త్రీఫేజ్ బోర్డు, స్టార్టరు ఉన్న గోడను వదిలేయండి. స్విచ్‌బోర్డు ముందు కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలని విద్యుత్ భద్రతా నియమాల్లో ఉంది. డ్రిల్ పెట్టే ముందు గోడలో వైర్లు ఎటు పోయాయో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. గాలా అద్దెదైతే గోడ జోలికి పోకుండా, వెడల్పు పాదాలున్న పొట్టి ర్యాకులతో సరిపెట్టుకోవడం మంచిది.

లోపల పెట్టకూడనివి

గ్యాసు సిలిండరును ఏ బీరువాలోనూ మూసి పెట్టవద్దు. ఆ గ్యాసు గాలి కంటే బరువు, కారితే కిందే పేరుకుంటుంది. ఇన్వర్టరు బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి అదీ గాలి తగిలే చోటే ఉండాలి. పెట్రోలు సీసా, సాంచాల నూనె తుడిచిన గుడ్డలు అసలు దాచుకోవద్దు. జరీ చీరలు కింది గదిలో పెట్టక తప్పనివారు పాత నూలు గుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి.

కాగితాలు తడిస్తే

ఒకదానికొకటి అంటుకున్న తడి కాగితాలను లాగి విడదీయకూడదు. ఎండలో, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టకూడదు. కొద్దిగా ఉంటే తెల్ల కాగితాల మధ్య పరచి ఫ్యాను గాలికి నీడలో ఆరనివ్వండి. కట్టలుగా ఉంటే ప్లాస్టిక్ సంచిలో వేసి ఫ్రిజ్‌లోని ఫ్రీజరులో పెట్టండి. బూజు రెండు రోజుల్లోనే మొదలవుతుంది. గడ్డకడితే అది ఆగుతుంది, తీరిక దొరికినప్పుడు కొన్ని కొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు. సిరాతో రాసిన కాగితాన్ని మాత్రం ముందుగా చూసుకోవాలి, నీళ్లలో అక్షరం చెదురుతుంది. చెడిపోయిన దాఖలాకు నకలు కావాలంటే బడిలో గాని, రికార్డు ఉన్న కార్యాలయంలో గాని దరఖాస్తు పెట్టాలి. రిజిస్టరు నంబరు, సంవత్సరం తెలిస్తే వెతకడం తేలిక. అందుకే ఆ నంబర్లను ఒక నోటుబుక్కులో రాసి, కాగితాలు ఉన్న డబ్బాలో కాకుండా వేరే చోట ఉంచండి.