షికారు పాట

డాలస్ చుట్టుపక్కల మన కుర్రవాళ్ళు శనివారం సాయంత్రం "లాంగ్ డ్రైవ్‌కి పోదామా" అనుకుంటారు. ఆ మాటే ఇక్కడి అమెరికన్‌తో అంటే, అబ్బో, ఎంత దూరమో, ఎన్ని గంటలో అని లెక్క వేసుకుంటాడు. మనవాళ్ళ లెక్కలో దూరం లేదు. ఊరికే తిరిగి రావడమే. ఇంగ్లీషు ముక్కలతో కుట్టుకున్న తెలుగు మాట అది. కుట్టుకోనక్కర్లేదు, మనకి షికారు ఉంది.

షికారు పారశీకంలో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చింది. అక్కడ దాని అర్థం వేట. షికారీ అంటే వేటగాడని మనకీ తెలుసు. షికారు మాత్రం తెలుగు నేల మీద తుపాకీ దించేసి, చల్లగాలికి తిరగడంగా స్థిరపడింది. నవాబులు వేటకని బయల్దేరితే జంతువు దొరికినా దొరక్కపోయినా గాలీ వెలుతురూ దక్కేవి కదా, అర్థం అలా జారి ఉంటుందని నా ఊహ.

వాహ్యాళి సంగతీ ఇంతే. ఇవాళ పార్కులో నడకకి వాడుతున్నాం గాని, సంస్కృతంలో అది గుర్రాల్ని నడిపే బయలు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేర వెలువడిన మానసోల్లాసంలో గుర్రాల వాహ్యాళి, ఏనుగుల వాహ్యాళి రాజవినోదాలు. అంటే సరదాగా తిరగడానికి మనకున్న ఈ రెండు మాటలూ వాహనమున్న దొరల దగ్గర పెరిగినవే. రైతుకి బండి ఉంటే అది ధాన్యం తోలడానికి. "పనీపాటా లేకుండా షికార్లు కొడుతున్నాడు" అనే పెద్దల విసుగులో ఆ పాత తేడా ఇంకా వినిపిస్తుంది.

1957లో తోడికోడళ్ళు సినిమాకి ఆత్రేయ రాయగా ఘంటసాల పాడిన కారు షికారు పాట ఆ తేడా మీదే నిలబడింది. వరస హాయిగా సాగుతుంది. మాటలు మాత్రం కారులో కూర్చున్న అమ్మాయిని, ఈ సుఖమంతా ఎవరి చెమట అని నిలదీస్తాయి.

అమెరికాలో కారు దొరల సొత్తుగా మిగల్లేదు. అందుకని ఇక్కడి కారు పాటకి ఆ అపరాధభావమూ లేదు. నాకు ఏళ్ళుగా ఇష్టమైన హ్యూస్టన్ ఇండీ బృందం ఖ్రుంగ్‌బిన్ (థాయ్ భాషలో విమానమని అర్థం, విడదీస్తే ఎగిరే యంత్రం) ఫోర్ట్‌వర్త్ గాయకుడు లియాన్ బ్రిడ్జెస్‌తో కలిసి 2020లో టెక్సస్ సన్ అనే నాలుగు పాటల రికార్డు తెచ్చింది. దాని పేరుపాట నా లెక్కలో అసలైన ఎండాకాలపు షికారు పాట. ఫోర్ట్‌వర్త్ నుంచి అమరిల్లో దాకా అంటుంది. 287వ నంబరు హైవే మీద సుమారు 340 మైళ్ళు. విచిటా ఫాల్స్ దాటాక బల్లపరుపు నేల, పత్తిచేలు, ఎండ. గిటారు తొందరపడదు, బేస్ ఒకే నడకలో ఉంటుంది. అమరిల్లోలో పనేమిటో పాట చెప్పదు. చెప్పిందంటే అది షికారు కాకుండా ప్రయాణమయ్యేది.

ఇలాంటివాటిని డ్రైవింగ్ సాంగ్స్ అంటున్నాం. ఇకనుంచి షికారు పాటలు అనండి. ప్లేలిస్టులో ఆత్రేయ పాటని కూడా పెట్టుకోండి, వీలైతే టెక్సస్ సన్ వెనకే.