బి. నాగిరెడ్డి

బొమ్మిరెడ్డి నాగిరెడ్డి (1912 డిసెంబరు 2 – 2004 ఫిబ్రవరి 25) సినీ నిర్మాత, విజయా సంస్థ వ్యవస్థాపకుడు, విజయా-వాహినీ స్టూడియో అధిపతి. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టారు. పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టిన దర్శకుడు బి.ఎన్. రెడ్డి ఈయనకు అన్న. రంగూన్‌కు ఉల్లిగడ్డలు ఎగుమతి చేసిన వ్యాపార కుటుంబం వారిది. మద్రాసు చేరాక నాగిరెడ్డి అచ్చుయంత్రాలు నమ్ముకున్నారు. బి.ఎన్.కె. ప్రెస్సు నడిపారు.

అన్న పెట్టిన వాహినీ సంస్థకు తాడిపత్రి మూలా నారాయణస్వామి అండ ఉండేది. స్టూడియో నిర్వహణ తర్వాత నాగిరెడ్డి చేతికొచ్చింది. తెనాలి రచయిత చక్రపాణితో కలిసి 1947 జులైలో పిల్లల పత్రిక 'చందమామ' మొదలుపెట్టి, 1950లో 'షావుకారు'తో విజయా సంస్థను తెరమీదికి తెచ్చారు. మంచి సినిమాయే గాని, డబ్బులు మాత్రం పెద్దగా రాలలేదు.

సంస్థ నిలదొక్కుకున్నది భయం వల్ల. 1951లో కె.వి. రెడ్డి తీసిన 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడు ఒక సాహసిని భైరవికి బలివ్వాలని చూసి, తానే బలవుతాడు. విక్రమార్కుణ్ణి శవం మోసుకురమ్మన్న భిక్షువుకూ ఇదే గతి. మాంత్రికుడి వేషం వేసిన ఎస్.వి. రంగారావు గొంతు విని అమ్మ కొంగు పట్టుకున్న పిల్లలే మళ్లీ ఆటకు డబ్బులడిగారనుకోవచ్చు. 1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రాన్ని ప్రదర్శించారు.

'చందమామ'లోనూ అదే వ్యాపారం. 1955 నుంచి వచ్చిన భేతాళ కథల్లో శవం భుజానికెక్కుతుంది, కథ చెబుతుంది, తిరిగి చెట్టెక్కుతుంది. భయపెట్టి నిద్ర చెడగొట్టే రకం కాదు, నెలనెలా ఎదురుచూసేలా చేసే రకం. సంపాదకత్వం కొడవటిగంటి కుటుంబరావుది. భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే రాజు బొమ్మ చిత్రకారుడు శంకర్‌ది.

లండన్ హామర్ సంస్థ రంగుల్లో ఫ్రాంకెన్‌స్టైన్ భూతాన్ని వదిలింది 1957 మేలో. అంతకు ఐదారు వారాల ముందే, మార్చి 27న, విజయావారు ఘటోత్కచుణ్ణి 'మాయాబజార్'లో వదిలారు. అక్కడి భూతం ఊరిని వణికించింది, ఇక్కడి రాక్షసుడు పెళ్లి భోజనం తిని పెట్టాడు! ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ కృత్రిమంగా పుట్టించిన వెన్నెల ఇప్పటికీ నిజం వెన్నెలలాగే ఉంది.

'మిస్సమ్మ', 'గుండమ్మ కథ' ఇంటింటి సినిమాలయ్యాయి. 'చంద్రహారం' దెబ్బతీసింది. తమిళంలో 'ఎంగ వీట్టు పిళ్ళై' (1965), హిందీలో 'రామ్ ఔర్ శ్యామ్' (1967), 'జూలీ' (1975) తీశారు. అదే 1975లో చక్రపాణి కన్నుమూశారు.

తర్వాతి కాలంలో నాగిరెడ్డి తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలి అధ్యక్షులయ్యారు. అంతకుముందే మద్రాసు వడపళనిలో విజయా ఆస్పత్రి కట్టించారు. అన్నకు 1974లో వచ్చిన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం తమ్ముడికి 1986లో వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటిగా పేరుపొందిన విజయా-వాహినీ ఆవరణలో ఇప్పుడు ఒక షాపింగ్ మాల్ ఉంది. అందులో సినిమా హాళ్లున్నాయి.