పుట్టికి తోలు ఎక్కడిది? – కృష్ణ ఒడ్డున చిన్న పడవల చరిత్ర

అమరావతి చరిత్ర అనగానే పుస్తకాలు స్తూపం గురించి చెప్తాయి. శాతవాహనుల గురించి, పలనాటి సున్నపురాతి శిల్పాల గురించి చెప్తాయి. 1797లో మెకంజీ వచ్చి చూశాడనీ, ఆ తర్వాత రాళ్లు మద్రాసుకూ లండన్‌కూ తరలిపోయాయనీ రాస్తాయి. స్తూపం పక్కనే పారే కృష్ణలో దిగి బతికినోళ్ల సంగతి మాత్రం రాయవు. వాళ్లు పడవ దేంతో కట్టుకున్నారు? వల దేంతో అల్లారు? అవి నీళ్లలో కుళ్లకుండా ఏం చేశారు? ఆ పనిలో ఎవరి చెయ్యి ఎక్కడ పడింది? ఇవి చరిత్ర ప్రశ్నలే కావని మన పండితుల నమ్మకం. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు కొయ్యల ఓడ ఉంది కాబట్టి అది చరిత్ర. చేపలు పట్టుకునేవాడి పుట్టి నాణేల మీదికి ఎక్కలేదు కాబట్టి అది చరిత్ర కాదు.

ఈ వ్యాసం పుట్టి గురించి. పుట్టిని ఎవరు నడిపారో కొంతైనా తెలుసు. అది నీళ్లలో తేలడానికి కారణమైన తోలు ఎవరి చేతిలోంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. ఇక్కడ అడుగుతున్నది ఆ ప్రశ్నే.

పుట్టి కట్టే తీరు

కృష్ణ, తుంగభద్రల మీద పుట్టి చాలా పాతది. పెద్ద గంపలాగా గుండ్రంగా ఉంటుంది. కన్నడంలో హరిగోలు అంటారు, తెలుగులోనూ అరిగోలు అనే మాట ఉంది. సుమారు 1520లో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ దీని గురించి రాశాడు. లోపల బెత్తం అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మందిని మోస్తుంది, అవసరమైతే గుర్రాలూ ఎడ్లూ దాంట్లోనే దాటుతాయి, నడిపేటప్పుడు గిర్రున తిరుగుతూనే ఉంటుంది అని ఆయన చెప్పిన వివరం. 1803లో మరాఠాల మీదికి పోయిన ఆర్థర్ వెల్లెస్లీ సైన్యం కూడా ఇలాంటి తోలు పుట్లలోనే దక్కన్ నదులు దాటింది. మద్రాసు చేపల శాఖ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1930లలో దక్షిణాది పుట్ల గురించి ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. అంటే రాజుల సైన్యాలూ కుంపిణీ సైన్యాలూ ఈ గంపల మీదే ఆధారపడ్డాయి. బీదవాడి బతుకూ దాని మీదే ఆధారపడింది.

దీన్ని కట్టడానికి వడ్రంగి అక్కర్లేదు, మేకులు అక్కర్లేదు, టేకు దుంగ అసలే అక్కర్లేదు. వెదురును నిలువునా చీల్చి బద్దలు చేస్తారు. ఆ బద్దల్ని నేల మీద అడ్డం నిలువుగా పరిచి అడుగు అల్లుతారు. అడుగున బరువు పెట్టి, చుట్టూ బద్దల్ని పైకి వంచి, గోడ అల్లుకుంటూ పోతారు. అంచుకు వచ్చేసరికి బద్దల కట్ట చుట్టి గట్టిగా బిగిస్తారు. పుట్టికి బలమంతా ఆ అంచులో ఉంటుంది. తర్వాత తోళ్లు కలిపి కుట్టి బయట చుట్టి అంచుకు బిగిస్తారు. కుట్టు దగ్గర నీళ్లు దిగకుండా కొవ్వో నూనెో పట్టిస్తారు.

నడపడం కూడా వేరే విద్య. మామూలు పడవలో తెడ్డు వెనక్కి తోస్తారు. పుట్టిలో ముందు వైపు కూచుని నీళ్లను తనవైపు లాక్కోవాలి. లేకపోతే పుట్టి ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. అడుగు చదునుగా ఉండడంతో మోకాటి లోతు నీళ్లలో కూడా పోతుంది. రాయి తగిలితే చెక్కపడవ పగులుతుంది, పుట్టి వంగి జారిపోతుంది. వేట అయిపోయాక ఒక్క మనిషి దాన్ని బోర్లా తలకెత్తుకుని ఇంటికి పోగలడు. పల్నాడు ఎగువన రాళ్ల మధ్య పారే కృష్ణకు ఇంతకన్నా తగిన పడవ లేదు. దిగువన ఏరు వెడల్పయ్యే చోట నాటుపడవలు, మాదిపాడు లాంటి రేవుల్లో బల్లకట్లు, ఇంకా కిందికి డెల్టాలో కొల్లేటి దాకా తాటి మొద్దు తొలిచిన దోనెలు. ఎక్కడ ఏం దొరికితే దాంతో పడవ చేసుకోవడం ఈ నేల మీది శ్రమజీవుల విద్య.

తోలు ఎక్కడిది?

వెదురు పని మేదరిది. తెడ్డు, వల బెస్తలవి, పల్లెకారులవి. మరి తోలు?

తెలుగునాట చచ్చిన గొడ్డును మోసుకుపోయి ఒలిచే పని, ఆ తోలును పనికొచ్చేలా చేసే పని మాదిగలది. ఇది వాళ్లు ఎంచుకున్న పని కాదు, కులం వాళ్ల నెత్తిన పెట్టిన పని. పుట్టికి చుట్టింది పచ్చితోలు కానీ, పదునుపెట్టిన తోలు కానీ, అది మాదిగ చేతి మీదుగా రావాల్సిందే.

ఆ పని ఎంత శాస్త్రమో చూడండి. తోలును సున్నపునీళ్లలో నానబెట్టి వెంట్రుక ఊడదీస్తారు. లోపలి వైపు కండ గీకేస్తారు. తర్వాత లందలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి రోజుల తరబడి నానబెడతారు. ఆ చెక్కలోని వగరు పదార్థం తోలులోని మాంసకృత్తులను పట్టుకుని బిగిస్తుంది. అప్పుడు తోలు కుళ్లదు, ఎండినా పెళుసెక్కదు. ఎంత సున్నం, ఎన్ని రోజులు, చెక్క ఎప్పుడు మార్చాలి – ఇవన్నీ చేత్తో తడిమి, వాసన చూసి తెలుసుకున్నారు. దీన్ని రసాయనశాస్త్రం అనకుండా నీచవృత్తి అన్నారు. ‘లంద’ అనే మాటనే తిట్టుగా మార్చారు.

వలకు వాడిన విద్య కూడా ఇదే. నైలాను రాకముందు వలలు నూలుతో, జనుముతో అల్లేవాళ్లు. నీళ్లలో నానితే అవి నెలల్లో కుళ్లిపోతాయి. అందుకే తుమ్మచెక్క లాంటి వగరు చెక్కలు ఉడికించిన నీళ్లలో వల ముంచి ఆరబెట్టేవాళ్లు. లందలో తోలును కాపాడిన వగరే రేవులో వలను కాపాడింది. మాదిగవాడకూ బెస్తవాడకూ మధ్య కులం గోడ కట్టింది గానీ, రెండు వాడల్లో చేతులకు అంటిన రంగు ఒకటే.

అంటు ఎటు పోయింది?

ఇక్కడొక ప్రశ్న వేసుకోవాలి. తోలు పనిచేసేవాణ్ణి ముట్టుకుంటే మైల అన్నారు. అతను చేసిన తోలు మీద కూచుని ఏరు దాటితే మైల కాలేదా?

మోట సంగతీ ఇంతే. ఇంజన్లు, కరెంటు మోటార్లు రాకముందు మెట్ట పొలాలకు నీళ్లు తోడింది తోలు బాన, తోలు తొండం. మాదిగ చేసిన తోలు రోజూ బావిలో దిగింది, అతను మాత్రం ఆ బావి గట్టు ఎక్కకూడదు. తోలు నీళ్లు ముట్టొచ్చు, తోలు చేసిన మనిషి ముట్టకూడదు. పుట్టిలో కూడా జరిగిందదే. వస్తువు మీద అంటు లేదు, మనిషి మీదే ఉంది. అంటరానితనం శుచి గురించి కాదనీ, పని తీసుకుని పనివాణ్ణి దూరంగా ఉంచే ఏర్పాటనీ చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కులం పనుల్ని కాదు, పనిచేసే మనుషుల్నే విడగొట్టిందని అంబేడ్కర్ 1936లోనే తేల్చి చెప్పాడు. మేదరి, బెస్త, మాదిగ కలిస్తేనే ఒక పుట్టి అవుతుంది. ఆ ముగ్గురూ ఒక పంక్తిలో కూచుని తినకూడదు.

ఇది పాత సంగతి అనుకోవద్దు. 1985 జూలైలో కారంచేడులో మాదిగల మీద జరిగిన హత్యాకాండకు మొదలు మంచినీళ్ల చెరువు దగ్గరే. గేదెల కుడితి కడిగి నీళ్లు పాడుచేస్తుంటే ఇదేమిటని అడిగినందుకు, కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి నిలబడినందుకు, వాడ మీద పడి ఆరుగురిని చంపారు.

విధికుడి రాయి

ఎప్పుడూ ఇలాగే ఉందా? అమరావతి రాళ్లే దీనికి జవాబు చెప్తాయి. స్తూపం దగ్గర దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒకటి విధికుడు అనే చర్మకారుడిది. ‘చమ్మకార’ అని తన వృత్తిని తానే చెక్కించుకున్నాడు, దాచుకోలేదు. తండ్రి పేరు నాగుడు, ఉపాధ్యాయుడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి స్తూపానికి ఒక రాతిపలక ఇచ్చాడు. ఆ పలక మీది బొమ్మ పూర్ణఘటం, నిండిన నీళ్ల కుండ.

విధికుణ్ణి ఈనాటి మాదిగ అని మేం అనడం లేదు. ఆ కాలపు వృత్తులను ఇప్పటి కులాలతో నేరుగా ముడిపెట్టడం చరిత్ర పద్ధతి కాదు. కానీ ఒక సంగతి ఖాయం. తోలుపని చేసే కుటుంబం స్తూపానికి తన పేరుతో దానం ఇవ్వగలిగిన కాలం ఒకటి ఈ కృష్ణ ఒడ్డునే ఉంది. ఉపాధ్యాయుడి కొడుకు చర్మకారుడు కావడం అప్పుడు సిగ్గు కాలేదు. తోలు పని పుట్టుకతోనే నీచమని ఎవరన్నా అంటే, ఈ రాయి చూపించొచ్చు.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన రాజచిహ్నం మధ్యలో అమరావతి శిల్పంలోని పూర్ణఘటం ఉంది. సర్కారు కాగితాల మీద కనిపించే ఆ కుండకూ తోలుపనికీ ఉన్న చుట్టరికం ఎంతమంది పిల్లలకు బళ్లో చెప్తున్నారు?

తోలు పోయి తారు వచ్చింది

పుట్టి నుంచి తోలు ఎలా పోయింది? పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మద్రాసు రేవు నుంచి లండన్‌కు తోళ్ల ఎగుమతి పెరిగింది. ఊళ్లో చెప్పులకూ మోటకూ వాడుకునే తోలు సంతసరుకు అయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోము పద్ధతి తెచ్చినప్పుడు ముందు పెట్టుకున్న పనుల్లో ఒకటి నీళ్లలో చెడని మోట బానలు చేయడం. అంటే లందలో మాదిగ శతాబ్దాలుగా ఎదుర్కొన్న సమస్యే ప్రయోగశాలకు చేరింది. విద్య అక్కడికి పోయింది, విద్య తెలిసినవాడు టానరీలో కూలీ అయ్యాడు.

తర్వాత ఏరే మారిపోయింది. 1957లో విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ, 1967లో నాగార్జునసాగర్, 2013లో పులిచింతల. పారే ఏరు నిలవ నీరయింది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లల్ని వదిలి పెంచే జలాశయాలొచ్చాయి. నూలు వల పోయి నైలాను వల, తంగూసు వల వచ్చాయి.

పుట్టి మాత్రం పోలేదు, పైతొడుగు మార్చుకుంది. అదే వెదురు అల్లిక మీద ఇప్పుడు ఎరువుల బస్తాల పట్టా గానీ టార్పాలిన్ గానీ చుట్టి, కాచిన తారు పూస్తారు. పట్టా తోలులాగా కుళ్లదు, తారు చిట్లితే మళ్లీ పూసుకుంటారు. ఫైబరు పుట్లు కూడా వచ్చాయి. అదీ కొనలేనోళ్లు థర్మోకోలు దిమ్మెలు కట్టి తెప్ప చేసుకుంటారు, లారీ ట్యూబుకు గాలికొట్టి దాని మీద కూచుని వల వేస్తారు. వలకు పాతరోజుల్లో జీలుగ బెండ్లు కట్టేవాళ్లు. ఇప్పుడు అరిగిపోయిన హవాయి చెప్పులు ముక్కలు కోసి కడతారు. నీళ్లు తోడిపోయడానికి కోసిన నూనె డబ్బా, లంగరుకు తాడు కట్టిన రాయి. ఎవడో పారేసింది వీళ్ల చేతిలో పనిముట్టు అవుతుంది. ఇది సరదా కాదు, డబ్బు లేనోళ్ల ఇంజనీరింగు. దీంట్లో ప్రాణాపాయం కూడా ఉంది. ట్యూబు పగిలినా, థర్మోకోలు విరిగినా నడినీళ్లలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

అయినా దీన్ని తెలివి అని ఎవరూ రాసుకోలేదు. తోలు చుట్టిన రోజుల్లో రాయలేదు, తారు పూసే రోజుల్లోనూ రాయడం లేదు.

పేరు ఎక్కడ రాస్తారు?

సర్కారు లెక్కలో చేపలవాడంటే ప్రధానంగా ఆ కులవృత్తి ఉన్నవాడే. సహకార సంఘం సభ్యత్వం, వల, పడవ సబ్సిడీ ఆ దారినే పోతాయి. బెస్తలకూ పల్లెకారులకూ అది దక్కాల్సిందే. వాళ్ల హక్కు మీద మాకు పేచీ లేదు, దళారీల చేతిలో వాళ్లూ నలుగుతున్నవాళ్లే. పేచీ కులాన్ని బట్టి నీళ్లు పంచే లెక్కతో. పుట్టికి తోలు ఇచ్చినవాడి పేరు ఏ వృత్తి జాబితాలోనూ పడవ దగ్గర రాయలేదు. తోలు అవసరం తీరిపోయాక పడవతో అతని సంబంధమే చెరిగిపోయింది. చేతులతో తడిమి చేపలు పట్టే యానాదుల సంగతీ అంతే. ఏరు వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, కానీ చాలామందికి సొంత పడవ లేదు. పక్కవాడి వల లాగే కూలికి పోతారు.

2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు అమరావతి ఈ జిల్లాలోకి వచ్చింది. కొత్త జిల్లా చరిత్ర రాయాలంటారు. రాయండి. పల్నాటి వీరుల గురించి ఇప్పటికే చాలా రాశారు. ఈసారి రేవుకూ వాడకూ రండి.

చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, పాఠాలు చెప్పే మిత్రులకూ ఒక పని. మీ ఊరి మాదిగవాడలో పెద్దాయన ఉంటే అడగండి. లంద ఎక్కడ ఉండేది? ఏ చెక్క వాడారు? ఆరె, రంపె ఇంకా ఇంట్లో ఉన్నాయా? మోటకు తొండం కుట్టిందెవరు? పుట్టికి తోలు ఎవరిచ్చారు, బదులు ఏం ముట్టింది? ఇంటి ఆడవాళ్లను విడిగా అడగండి. చెక్క దంచిందెవరు, లందకు నీళ్లు మోసిందెవరు, ఆ నీళ్లు ఏ బావివి? రేవులో పుట్టి కట్టేవాణ్ణి అడగండి, బొమ్మ గీసుకోండి, కొలతలు రాసుకోండి. చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు కూడా రాయండి. విధికుడు తన పేరు రాతి మీద చెక్కించుకోగలిగాడు. మన తాతలకు ఆ వీలు ఇవ్వలేదు. ఆ తోలుపని చేసిన చివరి తరం వెళ్లిపోతోంది, కాగితం మీదైనా రాసే బాధ్యత మనది.