ఐదు డాలర్ల అర్హత

ఎన్నికల ప్రచార ఖర్చును ప్రజాధనంతో భరించాలని అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1907లోనే ప్రతిపాదించాడు. దశాబ్దాల పాటు అది ప్రతిపాదనగానే ఉండిపోయింది. వాటర్‌గేట్ కుంభకోణం దేశాన్ని కుదిపేశాక 1974లో న్యూజెర్సీ, మిన్నెసోటా రాష్ట్రాలు సొంత చట్టాలు తెచ్చుకున్నాయి. అయితే నామినేషన్ వేసిన ప్రతివారికీ ఖజానా తెరవలేరు గదా! జనాదరణ ఉన్న అభ్యర్థి ఎవరో తేల్చడానికి ఆ తరం పట్టుకున్న కొలబద్ద సొమ్మే. ఇంత మొత్తం చందాలు పోగుచేసి చూపాలి, ఖర్చుకు హద్దు ఒప్పుకోవాలి, అప్పుడే సాయం.

అసలు మలుపు 1996లో మెయిన్ రాష్ట్రంలో వచ్చింది. అక్కడి ఓటర్లు తామే ఓటేసి ఆమోదించిన చట్టం ‘ఎంత సొమ్ము’ అని కాక ‘ఎంతమంది మనుషులు’ అని అడిగింది. రాష్ట్ర ప్రతినిధుల సభకు పోటీచేసేవారు తమ నియోజకవర్గంలో 50 మంది ఓటర్ల నుంచి తలా ఐదు డాలర్లు సేకరించాలి. తర్వాత దాన్ని 60 చేశారు. అభ్యర్థులు గడప గడపకూ వెళ్లి, ఓటరు చేత సంతకం పెట్టించి, చెక్కు తీసుకునేవారు. ఆ చెక్కు అభ్యర్థి పేరిట ఉండదు, ప్రభుత్వ నిధికి జమవుతుంది. సంతకం చేసినవారు నిజంగా ఆ చోటి ఓటర్లేనా అని స్థానిక అధికారి జాబితాతో సరిచూస్తారు. 2000లో ఈ దారినే డెబోరా సింప్సన్ అనే హోటల్ వెయిట్రెస్ శాసనసభలో అడుగుపెట్టింది. ఈ చట్టానికి ఇంతకన్నా గొప్ప సమర్థన నాకు కనిపించదు.

1998లో అరిజోనా అదే బాట పట్టింది. 2002లో జానెట్ నపాలిటానో పూర్తిగా ప్రజాధనంతో ప్రచారం చేసి గవర్నరుగా గెలిచింది. కనెక్టికట్ గవర్నరు రోలండ్ అవినీతి ఆరోపణల నడుమ రాజీనామా చేసిన మరుసటి ఏడాది, 2005లో, ఆ రాష్ట్రం రెండు కొలబద్దలనూ కలిపింది: ప్రతినిధుల సభ అభ్యర్థికి మొత్తం 5,000 డాలర్ల చిన్న చందాలు, ఇచ్చినవారిలో నియోజకవర్గ వాసులు 150 మంది ఉండాలి.

ప్రత్యర్థి ఖర్చు పెరిగినప్పుడు ఇచ్చే అదనపు సాయాన్ని 2011లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. అర్హత నియమం మాత్రం నిలబడింది. 2015లో మెయిన్ ఓటర్లు దాన్నే ఆసరా చేసుకుని, మరిన్ని ఐదు డాలర్ల చందాలు తెస్తే మరింత నిధి ఇచ్చేలా చట్టాన్ని బాగుచేసుకున్నారు. 2024 నాటికి న్యూయార్క్ కూడా ఈ వరుసలో చేరింది.

మన దేశంలో ఎన్నికల ఖర్చుకు ప్రజాధనం ఇచ్చే విషయాన్ని పరిశీలించిన 1998 నాటి ఇంద్రజిత్ గుప్తా సంఘం గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులకే సాయం సిఫారసు చేసి, స్వతంత్రులను పక్కనపెట్టింది. ఆ చర్చ మళ్లీ లేచినప్పుడు మన శాసనకర్తలు మెయిన్ చట్టాన్ని తప్పక చదవాలి.